దీపానికి తెలిసిన వాసన

గుమ్మందీపానికి పొగవాసన నేర్పింది నేనే. ఈ మాట చెబితే పొగదొడ్డిలో వాళ్ళు నవ్వుతారు, ఊళ్ళో వాళ్ళు మొహం తిప్పుకుంటారు. ఎవరేం చేసుకున్నా నాకు పోయేదేం లేదు, ఉన్న పరువంతా ఎప్పుడో పోయింది. నా పేరు మాలకొండయ్య. ఒంగోలు పొగాకు గోడౌనులో ముప్పై రెండేళ్ళు గ్రేడరుగా పనిచేశాను. ఆకుని ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది నల్లరేగడిలో పండిందో ఎర్రనేలలో పండిందో, ఆకుల్ని వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో క్యూరింగ్ సరిగ్గా అయిందో లేదో చెప్పేసేవాణ్ణి. చుట్ట, బీడీ, సిగరెట్టు, దేన్నీ కాదనలేదు. పద్నాలుగో ఏట పట్టిన పొగని అరవై రెండో ఏట మానేశాను, మా అమ్మాయి ప్రసూన నీళ్ళోసుకుందని తెలిసిన రోజున.

మానేశానంటే ఒక్కరూ నమ్మలేదు. మనుషులు నమ్మకపోతే పోనీ, దీపమూ నమ్మలేదు.

అరచెయ్యంత తెల్ల డబ్బా అది. ఇప్పుడు ప్రతి గేటుకీ, ప్రతి గుమ్మానికీ పైన ఉంటుంది. కింద నిలబడ్డ మనిషి ఊపిరినీ ఒంటి ఆవిరినీ పీల్చుకుని, పొగ తాగని వాడైతే పచ్చగా, తాగేవాడైతే ఎర్రగా వెలుగుతుంది. వారాల కింద తాగినా పట్టేస్తుంది. ఎర్ర దీపం వెలిగిన వాడు గేటు ముందున్న పసుపు గీత దాటకూడదు. చట్టం అట్లా ఉంది.

ప్రసూన కాపురం కర్నూలు రోడ్డులో ఒక అపార్టుమెంటులో. నేను మానేసి ఐదు నెలలైనప్పుడు, దానికి ఏడో నెల నడుస్తోంది, ఒక ఆదివారం పొద్దున్నే జున్ను చేసి క్యానులో పోసుకుని వెళ్ళాను. గేటు దగ్గర నిలబడగానే దీపం ఎర్రగా వెలిగి కుయ్యిమంది. వాచ్‌మన్ కర్రతో గీత చూపించాడు.

"పెద్దాయనా, అక్కడే. అక్కడే ఉండు."

ప్రసూన నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా దిగి వచ్చింది. నన్ను చూడలేదు, ముందు దీపాన్ని చూసింది.

"మానేశానన్నావుగా నాయనా."

"మానేశానమ్మా. ఐదు నెలలైంది."

"మూడు నెలలకి ఒంట్లోంచి పూర్తిగా పోద్దంట. మరి దీపానికి నీ మీదేవన్నా పగా?"

"మీ అమ్మ మీద ఒట్టు తల్లీ, ఒక్క దమ్ము..."

"అమ్మ మీద ఒట్టెయ్యబాకు," అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

ఆ మాట అనే హక్కు దానికుంది. మా ఆవిడ రత్తమ్మకి ఉబ్బసం. మాకున్నవి రెండు గదులు. చలికాలం కిటికీ వేసుకుని, ఆమె మంచం పట్టె మీదే కూర్చుని చుట్ట తాగేవాణ్ణి. "కాస్త బయటికెళ్ళి తాగరాదయ్యా," అనేది. "మంచులో కూర్చోమంటావేందే," అని కసిరేవాణ్ణి. ఆమె పోయిన ఏడు ప్రసూన పదో తరగతి చదువుతోంది. ఆ గదిలోనే చదువుకునేది, పుస్తకం అడ్డం పెట్టుకుని దగ్గుకుంటూ. నా మీద ఎవరైనా ఎన్ని కథలు చెప్పనివ్వండి, అవన్నీ కలిపినా నేను నిజంగా చేసిన ఈ ఒక్కదానికి సరిపోవు.

వాచ్‌మన్ చేతికి తొడుగు వేసుకుని క్యాను అందుకున్నాడు, తుడిచి లోపలికి పంపాడు. ప్రసూన లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"జున్ను బాగుంటది నువ్వు చేస్తే. ఆదివారం తే. కానీ అబద్ధాలు చెప్పబాకు."

పచ్చ దీపంతో ఆ గేటు దాటి, పుట్టబోయే బిడ్డని ఒళ్ళోకి తీసుకోవాలి. నాకు ఇంకో కోరిక లేదు.

ఇక ఆ డబ్బాకి నేను చదువు చెప్పిన సంగతి.

నాలుగేళ్ళ కింద మా గోడౌను మూతపడింది. అప్పుడే కొత్తపట్నం రోడ్డులో ఇంకో పాత గోడౌనుకి సున్నం కొట్టి ప్రయోగశాల పెట్టారు. పొగతాగే వాళ్ళు కావాలి, తాగుతూ కూర్చోవడమే పని అని ప్రకటన ఇచ్చారు. నలభై మంది దాకా వెళ్ళాం. డాక్టర్ హైమవతి గారని ఒక సన్నటి మనిషి, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే కళ్ళు, మమ్మల్ని ఒక్కొక్కర్నీ అద్దాల గదిలో కూర్చోబెట్టేది. గోడకి ఆ తెల్ల డబ్బా. మేం తాగుతుంటే అది పీలుస్తూ ఉండేది.

"ఇది చంటిపిల్ల లాంటిదండీ," అంది మొదటిరోజు. "పొగతాగేవాడంటే ఎవరో దానికి తెలీదు. మీరు చూపిస్తేనే నేర్చుకుంటుంది."

నేను కాక మిగతా అందరూ నెల తిరక్కుండా జారిపోయారు. ఒకడు మందు కొట్టి వచ్చాడని పంపేశారు. ఇద్దరు సెంటు నూనె రాసుకుని వచ్చి డబ్బాని తికమక పెట్టారు. కొందరు గుట్కా నముల్తూ వచ్చారు. మిగిలింది నేనొక్కణ్ణే. నేను మిగలడానికి కారణం మా వృత్తి. గ్రేడరు అయినవాడు పనికి వెళ్ళే రోజు సబ్బు రాయడు, తలకి నూనె పెట్టడు, పౌడరు ముట్టడు. ఉత్త వేణ్ణీళ్ళతో స్నానం చేసి, ఉతికి ఎండలో ఆరేసిన పంచె కట్టుకుని వెళతాడు. నాకు పని నేర్పిన మేస్త్రీ ఒక మాట అనేవాడు: "నీ వాసన ఆకుకంటితే, ఆకు నీ సంగతి చెప్పుద్దిరా, దాని సంగతి చెప్పదు." ముప్పై రెండేళ్ళు ఆ మాట తప్పలేదు. అద్దాల గదికీ అట్లాగే వెళ్ళాను, మూణ్ణెల్లు, ఒక్కరోజు నాగా లేకుండా.

హైమవతి గారికి నేనంటే ఎంత గురో. "మీ రీడింగులంత శుభ్రమైనవి ఇంకెవరివీ లేవండీ," అనేది.

"మిగతావాళ్ళని మళ్ళీ పిలిపించరా డాక్టరమ్మా?" అని ఒకసారి అడిగాను.

"టైం లేదు. చట్టానికి తేదీ పెట్టేశారు. తాగని వాళ్ళవి మా స్టాఫువి పదకొండు ఉన్నాయి, తాగే వాళ్ళవి మీవి ఉన్నాయి. సరిపోతుంది."

ఆ రోజు ఇంటికి ఏదో సన్మానం అందుకున్నవాడిలా వెళ్ళాను. అప్పుడే నా చెవి పట్టుకుని మెలిపెట్టే నాథుడు లేకపోయాడు.

చట్టం వచ్చింది. ముందు ఆసుపత్రులూ బడులూ అన్నారు, తరవాత బస్సులు, హోటళ్ళు, గుళ్ళు, చివరికి మంగలి షాపులు. పొగ మంచిదని నేను చచ్చినా అనను. కానీ ఇదివరకు చుట్ట ఆర్పేసి లోపలికి రమ్మనేవాళ్ళు. ఇప్పుడు చుట్ట లేకపోయినా మనిషినే పొమ్మంటున్నారు. ఎర్ర దీపం వాడికి ఇల్లు అద్దెకివ్వరు. వాడి పక్కన పీట వేసుకోరు. ఊరి బయట బైపాసు పక్కన ముళ్ళకంచె వేసి, రేకుల షెడ్లు కట్టి, తాగేవాళ్ళు అక్కడికి పోయి తాగండన్నారు. కాగితాల్లో దాని పేరు ఏదో ప్రాంగణం. జనం పొగదొడ్డి అన్నారు, వెనకటికి దారితప్పిన గొడ్లని కట్టేసే బందెలదొడ్డి ఉన్నట్టు. తాగడానికి వెళ్ళినవాళ్ళం కొన్నాళ్ళకి అక్కడే మంచాలు వేసుకున్నాం, ఇంకెక్కడ వేసుకుంటాం?

అట్లాంటి చోట కూర్చుని మానేశాను నేను. చుట్టూ పొగ కాబట్టి దీపం ఎర్రబడుతుందేమోనని ఆ దొడ్డీ వదిలేశాను. ఊరి చివర, కప్పు సగం కూలిన మా పాత బ్యారన్ ఒకటి ఉంటే అందులో దూరాను. వారానికోసారి మంచినీళ్ళ కోసం దొడ్డికి వెళితే, ఒకప్పుడు నా బీడీతో తన బీడీ అంటించుకున్న బాలకోటయ్య కుళాయి దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"మానేశావంటగా. మానినోడికి మా కాడేం పని? మా మీద నిఘా పెట్టమని పంపారా?"

"నీళ్ళు పట్టుకుని పోతానయ్యా," అన్నాను.

"దీపమేమో ఎర్రది, మాటలేమో పచ్చయి," అని వాడు నవ్వితే అందరూ నవ్వారు.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని ఊరికే అన్నారా. అటు ఊరికి కాకుండా, ఇటు దొడ్డికి కాకుండా పోయాను. కొన్ని రోజులు రోజంతా నోరు తెరిచి మాట్లాడే పనే ఉండేది కాదు. సాయంత్రం నా గొంతు ఉందో లేదో చూసుకోవడానికి రత్తమ్మా అని పిలిచేవాణ్ణి. సిగ్గేం లేదు చెప్పడానికి, ఏడ్చేవాణ్ణి కూడా.

ప్రసూనకి నెల మిగిలి ఉండగానే నొప్పులు వచ్చాయి. అల్లుడు చెంచుప్రసాద్ ఫోను చేస్తే పరుగెత్తాను. ఆసుపత్రి బయట పసుపు గీత అవతల ఎండలో నిలబడ్డాను. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం అని అల్లుడు లోపల్నించి ఫోనులో చెప్పాడు. మధ్యాహ్నానికి అల్లుడే బయటికి వచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మావయ్యా, వార్డులో దీపం ఎర్రగా ఎలిగింది."

"ఎవరికి?"

"ప్రసూనకి. పాపకి కూడా."

పసిబిడ్డల వార్డులో పెట్టే దీపాల చూపు పదింతలు ఎక్కువట. లోపలికి వెళ్ళే తల్లికి సబ్బు, నూనె, పౌడరు ఏదీ లేకుండా ఉత్త వేణ్ణీళ్ళతో ఒళ్ళు తుడుస్తారట. అపార్టుమెంటు గేటు దగ్గర రోజూ పచ్చగా వెలిగిన పిల్లకి అక్కడ ఎర్రగా వెలిగింది. బిడ్డని తీసుకెళ్ళి అద్దాల గదిలో పెట్టారు. తల్లి దీపం పచ్చబడేదాకా తల్లిని ముట్టుకోనివ్వరు, పాలు పట్టనివ్వరు.

"సీసా పాలు పడితే కక్కేస్తంది మావయ్యా. మా అమ్మేమో ప్రసూనని అడగరాని మాట అడిగింది. చాటుగా తాగేదానివా అని." అల్లుడు తల దించుకున్నాడు. "నేను కూడా అడిగా. తప్పే. అడిగా."

"అదేమంది?"

"గోడవైపు తిరిగి పడుకుంది."

ప్రసూన పొగవాసనకి వాంతి చేసుకునే మనిషి. పుట్టి నాలుగు గంటలైన బిడ్డ ఎక్కడ తాగింది? ఆ దీపం చూస్తున్నది పొగని కాదు, ఇంకేదో. అదేమిటో చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు.

ఆటో ఎక్కనివ్వరు కాబట్టి కొత్తపట్నం రోడ్డుకి నడుచుకుంటూ వెళ్ళాను. అల్లుడు ఇచ్చిన రెండు గుడ్డలు సంచిలో ఉన్నాయి, ఒకటి ప్రసూన ఒళ్ళు తుడిచింది, ఒకటి పాపది. హైమవతి గారు నన్ను గుర్తుపట్టి తనే గేటు దగ్గరికి వచ్చింది. అంతా విన్నది. మళ్ళీ ఆ అద్దాల గదిలోకే తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. డబ్బా ఎర్రగా వెలిగింది.

"ఆఖరుసారి ఎప్పుడు తాగారు?"

"ఏడు నెలల ఎనిమిది రోజులు."

వేలి నుంచి నెత్తురు తీసి పరీక్ష చేసింది. అందులో పొగ జాడే లేదు. ప్రసూన గుడ్డ పెట్టింది, ఎరుపు. పాప గుడ్డ పెట్టింది, ఎరుపు. తన సహాయకుడు, తాగేవాడే, వాడి చొక్కా పెట్టింది, అదీ ఎరుపే. ఆమె కుర్చీలో కూలబడింది.

"మిమ్మల్ని పొగ లేకుండా దానికి ఎప్పుడూ చూపించలేదండీ," అంది. "పొగా, మీ ఒంటి వాసనా రెండూ కలిపే చూసింది. ఏది పొగో ఏది మాలకొండయ్యో దానికి తెలీదు. రెండిట్లో ఏది కనపడినా ఎర్రగా వెలుగుతుంది. మీ ఒంటి వాసన కొంత మీ అమ్మాయికి వచ్చింది, ఆమె నుంచి పాపకి. సబ్బూ నూనే తుడిచేసరికి వార్డు దీపానికి అది దొరికింది."

ఎప్పుడూ సైకిలు మీదే వచ్చే పోస్టుమాన్‌ని చూసి, గోడకి ఆనించిన సైకిలుకే నమస్కారం పెట్టే పిల్లాడి లాగా ఉంది ఈ వ్యవహారం. నవ్వాల్సిన సంగతే, నా బిడ్డ సంగతి కాకపోతే. మేస్త్రీ మాట ఆకుకే అనుకున్నాను. ఏదో ఒక రోజు ఇంత నూనె రాసుకుని వెళ్ళి ఉంటే నన్నూ మిగతావాళ్ళతో పాటు గెంటేసేవాళ్ళు కదా అనిపించింది.

"తప్పు మీది కాదు, నాది," అంది హైమవతి గారు. "ఇవాళే పైకి రాస్తాను. నా ఉద్యోగం పోయినా సరే."

"రాస్తే ఎన్నాళ్ళకి దీపం మారుద్ది డాక్టరమ్మా?"

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. "కమిటీ వేస్తారు. మళ్ళీ వందలమందితో నేర్పించాలి. ఏడాది పట్టొచ్చు."

"మీ నిజానికి ఏడాది పట్టుద్ది. పాలకి ఆ పిల్ల ఏడాది ఆగుద్దా? ఇంకో దారేదన్నా ఉందేమో చూడండమ్మా, చట్టంలో."

ఉంది. చెప్పడం ఇష్టం లేకుండానే చెప్పింది. వేరేవాళ్ళ పొగ సోకడం వల్ల దీపం ఎర్రబడితే, ఆ పొగ తాగినవాడు వచ్చి నేనే అని సంతకం పెట్టాలి. అప్పుడు తల్లికీ బిడ్డకీ నీలం పట్టీ కడతారు, దీపంతో పని లేదు. సంతకం పెట్టినవాడు మాత్రం బతికినంతకాలం వాళ్ళకి వంద గజాల లోపలికి రాకూడదు. ఆ సంతకాన్ని వెనక్కి తీసుకునే వీల్లేదు, దీపాలు మారినా సరే.

"అలా చెయ్యకండి," అంది. "మీరు మానేశారు. నా దగ్గర కాగితం మీద రుజువుంది. నేను వచ్చి మీ అమ్మాయికి చెప్తాను."

"చెప్పబాకండి. అదసలే నిక్కచ్చి మనిషి. మా నాయన తాగలేదంట అని తనే పోయి ఆఫీసరుకి చెప్పేస్తది. పట్టీ ఊడబీకుతారు. బిడ్డని మళ్ళీ అద్దాల గదిలో పెడతారు."

"మరి ఎప్పుడు చెప్పను?"

"పాలు మరిచాక చూద్దాం," అన్నాను. ఆమె నా చేతులు రెండూ పట్టుకుంది. ఎర్ర దీపం వచ్చాక, పరీక్షకి కాకుండా ఒక మనిషి నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

ఆసుపత్రిలో పొగ నిఘా ఆఫీసరు బల్ల వరండాలో ఉంది, సంతకం పెట్టేవాళ్ళని అక్కడిదాకా రానిస్తారు. వార్డుకీ వరండాకీ మధ్య అద్దం. ప్రసూనని చక్రాల కుర్చీలో అద్దం దాకా తీసుకొచ్చారు, మా మాటలు లోపలికి వినపడేటట్టు స్పీకరు పెట్టారు.

"పొగ ఎక్కడ సోకించారు?" అన్నాడు ఆఫీసరు. నా కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. తల ఎత్తలేదు.

దారి పొడుగునా అల్లుకున్న అబద్ధం చెప్పాను. "ఆదివారం ఆదివారం జున్ను చేసి తెచ్చేవాణ్ణయ్యా. చేసేటప్పుడు పక్కనే కూర్చుని తాగేవాణ్ణి. చల్లారేదాకా మూత పెట్టకుండా తాగుతూనే ఉండేవాణ్ణి. పొగంతా దాంట్లోకే పోయుంటది."

"మానేశానని వాళ్ళతో చెప్పారా?"

"చెప్పాను. అబద్ధం చెప్పాను."

రాసుకున్నాడు. ఇంకో ప్రశ్న లేదు. ఏడు నెలలు నిజం చెప్పాను, ఒక్క మనిషిని నమ్మించలేకపోయాను. అబద్ధానికి నాలుగు నిమిషాలు పట్టలేదు.

సంతకం పెట్టి తల ఎత్తాను. ప్రసూన అద్దానికి అరచెయ్యి ఆనించి చూస్తోంది.

"ఆ జున్ను నేను తిన్నా నాయనా," అంది. దాని మాట కూడా స్పీకరులోంచి ఇటు వినపడుతోంది. "బిడ్డకి బలమని, వాంతొచ్చినా దిగమింగి తిన్నా."

"తప్పైపోయిందమ్మా."

"అమ్మకి చేసిందే నాకూ చేశావు."

కాదు తల్లీ అనడానికి నోరు తెరిచాను. లోపల నర్సు నీలం పట్టీలు పట్టుకుని నిలబడి ఉంది. నోరు మూసుకున్నాను. నర్సు ప్రసూన ముంజేతికి ఒకటి, బిడ్డ కాలికి ఒకటి కట్టింది. ఎర్రటి చిన్న మూటని తెచ్చి ప్రసూన ఒళ్ళో పెట్టింది. ప్రసూన నన్ను మరిచిపోయి అటు తిరిగింది. దాని భుజం కదలడం, వంగడం మాత్రం కనపడింది నాకు. గార్డు వచ్చి ఇక నడవమన్నాడు.

మూడో రోజు వాళ్ళని ఇంటికి పంపుతున్నారని అల్లుడు మెసేజి పెట్టాడు. పాప మొహం ఒక్కసారి చూసి పోదామని వెళ్ళాను. గజాలు లెక్కపెట్టుకుని, రోడ్డు అవతల చాలా దూరంగా ఒక మందుల షాపు అరుగు పక్కన నిలబడ్డాను. ఆసుపత్రి ముందు ఖాళీ లేక కారుని నేనున్న వైపే, షాపుకి నాలుగిళ్ళ ఇవతల ఆపారని నాకు తెలీదు. పారిపోవడానికి అటూ ఇటూ సందు లేదు. ముగ్గురూ నా ముందు నుంచే వచ్చారు.

చెంచుప్రసాద్ నన్ను చూసి ఆగాడు. ప్రసూన ఆగలేదు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. మొదటిరోజు వరండాలో స్పీకరులోంచి వినపడ్డ పిల్లికూన గొంతు కాదది, పాలు పడ్డ గొంతు, రోడ్డంతా వినపడుతోంది. అది విన్నాక నాకేం కావాలి, ఇది చాలు అనుకున్నాను. చాలలేదు. ఒక్కసారి ఇటు తిప్పి చూపించమ్మా అని అడగాలనిపించింది.

నాలుగడుగుల దూరంలోకి వచ్చాక ప్రసూన నన్ను చూసింది. పైట కొంగు లాగి బిడ్డ ముక్కూ నోరూ కప్పి, అటు పక్కకి తిప్పుకుని గబగబా నడిచింది. నా ఒంట్లో పొగ లేదు. ఏడు నెలల పది రోజులుగా లేదు. అది తెలిసి కూడా, ఆ కొంగు చూడగానే, నా ఊపిరి ఆ పిల్లకి తగులుతుందేమోనని భయమేసి నేనే రెండడుగులు వెనక్కి వేశాను.